ఎబినేజరు గారి బండి ఉపవాసం

తాళంచెవి పోగొట్టుకునే మనిషిని నమ్మి కోడిపిల్లనైనా అప్పగించరాదు!

ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించినవారు మదనపల్లె వాస్తవ్యులు, రిటైరైన లెక్కల మాస్టారు ఎబినేజరు గారు. భార్య ఫ్లారెన్సమ్మ బీరువా తాళం కనబడక ఇల్లంతా తిరగేసినప్పుడు ఒకసారి ప్రసాదించారు. చర్చిలో తోటి సభ్యుడు సైమన్ తన బండి తాళం కోసం బల్లల కింద దూరి వెతుకుతున్నప్పుడు మరోసారి, సంఘమంతా వినేలా ప్రసాదించారు. నాలుగు కాళ్ల మీద ఉండగా ఆ మాట వినాల్సి వచ్చినందువల్ల సైమన్‌కు మాస్టారి మీద ఉండాల్సిన సహోదర ప్రేమ కొంచెం సన్నగిల్లింది.

మాస్టారు మాత్రం తాళాల విషయంలో ఆదర్శమూర్తి. మోటర్ సైకిల్ కొన్నప్పుడు షోరూము వాళ్లిచ్చిన రెండు తాళంచెవులనూ ఒకే రింగుకు తగిలించి జేబులో వేసుకున్నారు. ఒకటి ఇంట్లో పెట్టండని ఫ్లారెన్సమ్మ చెప్పి చూసింది. రెండు చోట్ల పెడితే రెండు చోట్ల జాగ్రత్త పడాలి, ఒకే చోటైతే ఒక్క జాగ్రత్త చాలునని ఆయన లెక్క కట్టి చూపించారు. లెక్క తప్పని ఆమె అనలేకపోయింది.

అందుచేత రెండూ ఒకేసారి పోయాయి.

టమోటా మార్కెట్లో సంఘం భోజనాలకని ఒక బాక్సు బేరం చేస్తూ, అడుగున కాయ గట్టిదో కాదో చూద్దామని వంగారు. చొక్కా జేబులోంచి రింగు జారి కాయల మధ్య పడింది. బేరం కుదరలేదని పక్క అంగడికి వెళ్లి, జేబు తడుముకుని, పరుగున వెనక్కి వచ్చేసరికి ఆ బాక్సు లారీ ఎక్కేసింది. లారీ చెన్నై దారి పట్టింది. మాస్టారి తాళంచెవులు మాస్టారి కంటే ముందు రాష్ట్రం దాటాయి! బండిని లగేజీ ఆటోలోకి ఎక్కించి, పైన పట్ట కప్పి, ఎవరి కంటా పడకుండా ఇంటికి చేర్చారు.

వేరే ఎవరైనా అయితే కొత్త తాళం చేయించుకుని ఆ సంగతి మరిచిపోయేవారు. మాస్టారికి ఆ వీలు లేదు. ఈస్టరు తర్వాత సంఘానికి కొత్త సెక్రటరీని ఎన్నుకుంటారు. చర్చి తలుపులు, బీరువాలు, హుండీ, అన్నింటి తాళాల గుత్తీ సెక్రటరీ చేతిలో ఉంటుంది. ఆ గుత్తి గలగల విన్నప్పుడల్లా మాస్టారికి నోరూరి చాలా కాలమైంది. పోటీకి దిగింది ఇంకెవరో కాదు, సైమనే. బండి తాళం పోయిందని పొక్కితే చాలు, కోడిపిల్లను కూడా అప్పగించరాని మనిషికి చర్చిని ఎవరప్పగిస్తారు? పోనీ గుట్టుగా చేయించుకుందామా అంటే, తాళాలు చేసేవాడు సరిగ్గా చర్చి గేటుకు ఎదురుగా గొడుగు వేసుకుని కూర్చుంటాడు.

ఆదివారం వచ్చింది. ఈస్టరుకు ముందు ఏదో ఒకటి మానుకుని గడిపే నలభై రోజులవి. మాస్టారి ఇల్లు చర్చికి పక్క వీధే అయినా ఆయన ఏనాడూ నడిచి వచ్చింది లేదు. ఆ రోజు నడిచి వచ్చారు. గేటు దగ్గర సండే స్కూలు టీచరు జెమీమా ఆశ్చర్యపోయి, "బండి యాడ సార్?" అంది.

"శ్రమ దినాలు కదమ్మా," అన్నారు మాస్టారు. తర్వాతి మాట ఆయన ప్రమేయం లేకుండానే నోట్లోంచి వచ్చింది. "కొందరు కూర మానేస్తారు, కొందరు కాఫీ మానేస్తారు. నేను ఈస్టరు దాకా బండి మానేసినాను."

జెమీమా చెవిన పడిన మాట అక్కడే ఆగుతుందా? పాట పూర్తయ్యేలోగా అయ్యగారి దాకా వెళ్లింది. పాస్టరు కరుణాకర్ అయ్యగారు రాసుకొచ్చిన ప్రసంగాన్ని మడిచి పక్కన పెట్టేశారు. చికెన్ మానేసి పుట్టగొడుగుల బిరియానీ తినేవారి ఉపవాసమూ ఒక ఉపవాసమేనా, ఎండలో కాళ్లీడ్చుకొచ్చిన ఈ పెద్దమనిషిని చూడండని గద్గద స్వరంతో అడిగారు. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. మాస్టారికీ తన త్యాగం మీద జాలేసింది.

సైమన్ ఊరుకుంటాడా! లేచి నిలబడి తానూ బండి మానేస్తున్నానన్నాడు. ఉత్త మాట ఎందుకు, వచ్చే ఆదివారం తాళంచెవి తెచ్చి కానుక పళ్లెంలో వేస్తానన్నాడు. ఒకరి వెనక ఒకరు సంఘమంతా లేచింది. అయ్యగారు పరవశించిపోయారు. తాళాలన్నీ ఈస్టరు దాకా చర్చి బీరువాలో ఉంటాయనీ, మొదటి తాళం ఎబినేజరు గారిదేననీ ప్రకటించారు.

ఇప్పుడు మాస్టారికి బండి నడపడానికి కాదు, బండి మానేయడానికి తాళం కావాల్సి వచ్చింది!

ఎవరికీ చెప్పకుండా పుంగనూరు బస్సెక్కారు. అక్కడ తాళాలవాణ్ణి వెతికి పట్టుకుని నాలుగడుగులు వేశారో లేదో, వాడి ముందు జెమీమా, ఆమె భర్త నిలబడి ఉన్నారు. మాస్టారు చప్పున దాక్కోవడానికి చాటు కోసం చూశారు. కనబడింది ఒక్క ఆవు. పుంగనూరు ఆవు! నడుమెత్తు కూడా లేదు. పెద్దమనిషి ఏం చేస్తాడు, దాని వెనక గొంతుక్కూర్చున్నారు. ఆవు నడిస్తే ఆయనా కూర్చునే నడిచి, కనబడిన బస్సెక్కేశారు. అది పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సు. అదే మంచిదైంది, కుప్పంలో తనను ఎరిగినవాళ్లు ఉండరనుకున్నారు.

కుప్పంలో తాళాలు చేసే నంజప్ప ఆకూ వక్కా నములుతూ మర్యాదగా పీట చూపించాడు.

"బండి తెచ్చినావా అప్పా? లేదంటే పాత బీగంచెవన్నా ఉండాదా?"

"రెండూ లేవు. సూసేదానికి బండి బీగంచెవి మాదిరి ఉంటే సాలు."

"ఏ బండికి పడాల?"

"ఏ బండికీ పడకపోయినా పర్వాలేదు."

నంజప్ప నమలడం ఆపాడు. తన జీవితంలో ఇలాంటి గిరాకీని చూడలేదన్నట్టు కాసేపు తేరిపార చూసి, కోత తప్పి పారేసిన తాళంచెవి ఒకటి డబ్బాలోంచి తీసి, ఉచితంగానే తీసుకుపొమ్మన్నాడు. మాస్టారు దాన్ని చొక్కా లోపల దాచుకుని, దొంగసొత్తు తెస్తున్నట్టు మదనపల్లె చేరుకున్నారు.

ఆదివారం నాడు పళ్లెం నిండిపోయింది. మాస్టారి తాళం మొదట పడింది, సైమన్‌ది టంగుమని పడింది, ఆఖరున అయ్యగారు తమది కూడా వేశారు. అందరి కళ్లూ చెమర్చాయి. అయ్యగారు దీవెన చెప్పబోతుండగా మూడో వరుసలో ముసలి విజయమ్మ ఒక్కసారిగా పక్కకు ఒరిగిపోయింది.

నీళ్లు చల్లారు, గాలి విసిరారు, పిలిచారు. పలకలేదు. ఆటో కోసం పరుగెత్తినవాడు రాలేదు. ఆస్పత్రికి తీసుకుపోవాలంటే బండి కావాలి. అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. బండ్లన్నీ ఇళ్ల దగ్గర వదిలేసి నడిచొచ్చిన భక్తులాయె!

"సార్ బండి పక్క వీధిలోనే ఉండాది," అన్నాడు సైమన్. "బీగంచెవి తీసుకోని బిరీన పోండి సార్."

అయ్యగారు పళ్లెం ముందుకు చాచారు. మాస్టారు తన తాళం తీసుకున్నారు. అడుగు మాత్రం పడలేదు. ఇంటి దాకా పోయి, బండి మొరాయించిందని చెప్పొచ్చు. ఈ లోపల ముసలామెకు ఏమైనా అయితే? సెక్రటరీ గుత్తి కళ్ల ముందు ఒకసారి గలగలలాడింది. విజయమ్మ ముఖం చూస్తే ఆయనకు నిజంగా భయమేసింది.

"అయ్యగారూ, ఇది నా బండికి పడదు," అన్నారు. "ఏ బండికీ పడదు. నా బీగాలు పోయి వారం దాటింది. ఉపవాసమూ లేదు, ఏమీ లేదు."

మాస్టారు తల వంచుకుని సైమన్ నవ్వు కోసం ఎదురుచూశారు. సైమన్ నవ్వలేదు. మెల్లగా చెయ్యి ప్యాంటు జేబులోకి పోనిచ్చి, ఒక తాళంచెవి బయటికి తీశాడు.

"నా బండి బేకరీ ఎనకాల పెట్టుండాను," అన్నాడు.

అంతే, గట్టు తెగింది! బేకరీ వెనక జెమీమా వాళ్ల బండి కూడా ఉందట. జెమీమా భర్త తాళం తీశాడు. పాటల బృందం తీసింది. పెద్దలు తీశారు. అయ్యగారు అంగీ పైకెత్తి లోపలి జేబులోంచి తీశారు. పళ్లెంలో పడినవన్నీ ఆ వారంలో చేయించినవే, ఇంకా తళతళలాడుతున్నాయి. పుంగనూరులో తాము కూడా మాస్టారిని చూశామనీ, ఆవు వెనక ఎందుకు కూర్చున్నారో అడగడానికి మొహమాటపడ్డామనీ జెమీమా చెప్పింది.

విజయమ్మను సైమన్ బండి మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకుపోయారు. గ్లూకోజు ఎక్కగానే లేచి కూర్చుంది. విషయమేమిటంటే ఆమె శ్రమ దినాల మొదటినుంచీ పొద్దున పూట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట. ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచలేదంది.

సాయంత్రం కమిటీ కూర్చుంది. బండి ఉపవాసం కబురు అప్పటికే బి.కొత్తకోట, కలకడ సంఘాలకు పాకింది. ఈస్టరుకు వాళ్లంతా సాక్ష్యం వినడానికి వస్తున్నారు. ఎవరూ చేయలేదంటే మదనపల్లె పరువేం కావాలి? పెద్దలు తలలు పట్టుకుని ఆలోచించగా తేలిందేమంటే, కారణం ఏదైనా గానీ, ఇన్నాళ్లూ బండెక్కనివాడు సంఘం మొత్తానికి ఎబినేజరు గారొక్కరే. సెక్రటరీగా ఆయన పేరు సైమనే ప్రతిపాదించాడు. పోటీ లేదు. ఈస్టరు దాకా ఆగడమెందుకని అక్కడికక్కడే గుత్తి చేతికిచ్చారు. మాస్టారికి ఆనందంతో ఏడుపొచ్చింది.

మర్నాడు దాచుకునేది ఏమీ లేదు గనక, గేటుకు ఎదురుగా ఉండే తాళాలవాణ్ణి బాహాటంగా ఇంటికి పిలిపించారు. ఫ్లారెన్సమ్మ కాఫీ కలిపి తెచ్చేలోగా కొత్త తాళం తయారైంది. బండి మొదటి నొక్కుకే స్టార్టయింది. కాలెత్తి ఎక్కబోతుండగా సైమన్, అయ్యగారు గేటు తీసుకుని లోపలికొచ్చారు. వెనకాల వాళ్ల బండ్లు.

"ఆ బీగంచెవి ఇట్టియ్యండి సార్," అన్నాడు సైమన్ వినయంగా. "ఈస్టరు దాకా మీరు బండెక్కకూడదు. సంఘం మీ మీదనే ఆధారపడుండాది."

"మరి మీరు?"

"మేము తప్పిపోయినోళ్లం కదా సార్," అన్నాడు సైమన్. "మాకేముండాది?"

అయ్యగారు అవునన్నట్టు తల ఊపి, తాళం అందుకుని అంగీ లోపలి జేబులో వేసుకున్నారు.

మాస్టారు ఎండలో నడిచి చర్చికి బయల్దేరారు. ఆయనను దాటిపోయే ప్రతి బండీ ఒక్క క్షణం నెమ్మదించింది, ప్రతి చెయ్యీ భక్తితో నుదుటికి లేచింది.

"వందనాలు సార్!"