రెండో ఖడ్గం అత్తగారిది

ఆ రోజు పొద్దున వంకలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నంలోగా ఆట ముగించాలి, సమీక్ష రాసి పంపాలి, ఆ తర్వాత హాయిగా నడుం వాల్చాలి. వీడియో ఆటల మీద పత్రికకు సమీక్షలు రాయడం ఆయన ఉద్యోగం. ఏ ఆట చేతికిచ్చినా వంక పెట్టకుండా వదలడు కాబట్టి ఆఫీసులో ఆ పేరే స్థిరపడిపోయింది.

భార్య తను పనిచేసే ల్యాబుకి వెళ్ళగానే ఎడిటరు ఫోన్ చేశాడు. "ఈసారి లోపాలతో పాటు బాగున్నవి కూడా రాయండి సార్. పోయినసారి మీ సమీక్ష చదివి ఆ ఆట తయారుచేసినవాడు ఏడ్చాడట."

"బాగుంటే రాయనా?"

"వెతకండి. దొరకలేదంటే ఆ పేజీ ఇంకొకరికి ఇస్తాను" అని పెట్టేశాడు.

ఆయన గతుక్కుమని టీవీ ముందు నిలబడ్డాడు. మూడు సినిమాల్లో వీరవిహారం చేసిన ఒక ఖడ్గవీరుడి కథను ఆటగా మార్చారు. టీవీ పైన కూర్చున్న కెమెరా మన ఒంటి కదలికలను చూస్తుంది. చేతిలోని చిన్న కర్ర తెరమీద కత్తి అవుతుంది. కోటలు అచ్చం సినిమాలో లాగే ఉన్నాయి, సంగీతమూ అదే. కానీ నడుం ఎత్తులో కొడితే కత్తి కదలదు, భుజం దాకా అయినా ఎత్తి కొట్టాలి. తలుపులు తెరుచుకోవాలంటే సినిమాలోని డైలాగును గొంతు చించుకుని అరవాలి. సినిమాలు చూడనివాడికి ఎవడు ఎవణ్ణి ఎందుకు నరుకుతున్నాడో బోధపడదు. గంట తిరక్కుండానే ఆయన దగ్గర పది లోపాలు పోగయ్యాయి. బాగున్నది మాత్రం ఒక్కటీ దొరకలేదు.

కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అత్తగారు ఇదంతా చూస్తోంది. ఆవిడ ముప్పై ఏళ్ళు బ్యూటీ పార్లర్ నడిపింది. ఆమధ్య కుడి భుజం పట్టేసి, చెయ్యి చెవిదాకా కూడా లేవకపోవడంతో పార్లర్‌కి తాళం వేసి కూతురింటికి వచ్చేసింది. పట్టు చాలావరకు వదిలిందనీ, ఇక మిగిలింది భయమేననీ, గోడ మీద చేతిని మెల్లగా పైకి పాకించమనీ డాక్టరు చెప్పాడు. "నేనేమైనా బల్లినా?" అని ఆవిడ ఆ మాట పక్కన పెట్టేసింది. పార్లర్ గదిని తీసుకోవడానికి చెప్పుల కొట్టాయన ఆ సాయంత్రం రాబోతున్నాడు. "ఇచ్చేస్తే పీడా పోతుంది" అంటూనే, పొద్దుట్నించీ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు.

"నీ ఆయుష్షు ఈ పూటతో సరి!" అని అల్లుడు కర్ర ఎత్తి అరిచాడు. కోట తలుపు తెరుచుకుంది. ఎదురింటి పిన్నిగారికి మాత్రం గుండె జారిపోయింది. ఆవిడకి తన కిటికీలోంచి టీవీ కనిపించదు. కుర్చీలో అత్తగారూ, ఆవిడ వైపు కర్ర ఎత్తి అరుస్తున్న అల్లుడూ కనిపిస్తారు. వెంటనే ల్యాబులో ఉన్న ఆయన భార్యకి ఫోన్ చేసింది.

రెండు నిమిషాల్లో భార్య ఫోన్ వచ్చింది. ఆయన స్పీకరు నొక్కి, ఫోన్‌ని బల్ల అంచున పెట్టి, కత్తి ఆపకుండానే పలికాడు.

"ఏమండీ, అమ్మ ఎలా ఉంది?"

"ఒక్క నిమిషం ఆగు. ముందు ఈ ముసలిదాని సంగతి చూడనీ. పొద్దుట్నించీ కొడుతున్నా, ఎంతకీ చావట్లేదు!"

ఆయన అన్నది ఆటలోని మంత్రగత్తెను. ఆ ముక్క చెప్పేలోపలే ఆయన మోచెయ్యి తగిలి ఫోన్ కింద పడి, సోఫా కిందకు జారి, నోరు మూసుకుంది. అటువైపు భార్య బ్యాగు కూడా తీసుకోకుండా ఆటో ఎక్కింది. దారిలోంచే పిన్నిగారికి ఫోన్ చేసి, "కాస్త వెళ్ళి చూడండి" అని బతిమాలింది. కర్ర పట్టుకున్న మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్ళే ధైర్యం లేక పిన్నిగారు పోలీసులకు ఫోన్ చేసింది.

ఇంట్లో ఇదేమీ తెలియదు. ముక్కు మీద వాలిన ఈగను అత్తగారు ఎడమచేత్తో తోలింది. ఆ కదలికను కెమెరా పట్టేసింది. తెరమీద రెండో ఖడ్గవీరుడు ఊడిపడి, ఒక కాపలావాణ్ణి నరికి పారేశాడు.

"ఆ వచ్చినవాడెవరు బాబూ?"

"మీరే అత్తయ్యగారూ. ఎదురుగా ఎవరు కదిలినా లాగేసుకుంటుంది. ఇది పదకొండో లోపం."

"నేనా?" ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. "మరి నాకూ ఒక కర్ర ఇవ్వరాదూ?"

ఇచ్చాడు. ఆవిడ దాన్ని కుడిచేతిలోకే తీసుకుంది. పార్లర్‌లో దువ్వెన పట్టిన చెయ్యి అది, అలవాటు ఎక్కడికి పోతుంది! ఇద్దరూ కలిసి మంత్రగత్తెను మూలకు తోశారు. రెండు కత్తులూ ఒకేసారి తల పైకి లేస్తే గానీ అది చావదని తెరమీద అక్షరాలు పడ్డాయి.

అత్తగారు నీరుగారిపోయింది. "నా చెయ్యి లేవదు కదా."

"అదే నేను రాయబోతున్నానండీ. చెయ్యి లేవనివాళ్ళ గురించి ఆలోచించకుండా తయారుచేశారు. పన్నెండో లోపం."

అంతలో మంత్రగత్తె పకపకా నవ్వి, "ఇంతేనా నీ బలం?" అంది.

అత్తగారి ముఖం ఎర్రబడింది. "ఆ జుట్టు చూడు, పుట్టాక దువ్వెన తగిలినట్టు లేదు. ఇదా నన్ను అనేది?" అని కుర్చీలోంచి లేచింది. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది. పళ్ళు బిగపట్టింది. చెవి దాకా వెళ్ళింది.

"నొప్పిగా ఉంటే వద్దండీ!"

"మాట్లాడకు బాబూ, డైలాగు చెప్పు!"

ఇద్దరూ కలిసి ఇల్లు దద్దరిల్లేలా అరిచారు: "నీ ఆయుష్షు ఈ పూటతో సరి!"

సరిగ్గా అప్పుడే కానిస్టేబులు తలుపు తోశాడు. ఆయన వెనక వంకలాయన భార్య, ఆమె వెనక పిన్నిగారు. ముగ్గురూ చూస్తుండగా అత్తగారి చెయ్యి తల పైదాకా నిటారుగా లేచి, బలంగా దిగింది. మంత్రగత్తె కూలిపోయింది. చేతిలోంచి జారిన కర్ర గిర్రున తిరుగుతూ వచ్చి అల్లుడి నుదుటికి తగిలింది. ఆయనా సోఫాలో కూలబడ్డాడు.

"అమ్మా!" అంది భార్య. "నీ చెయ్యి!"

అత్తగారు తన చేతిని ఎవరిదో చూసినట్టు చూసుకుంది. మళ్ళీ ఎత్తబోతే ఈసారి చెవి దగ్గరే ఆగింది. అయినా ఆవిడ కళ్ళు తడిశాయి. "సగం వస్తోందే. మిగతా సగం రేపు చూద్దాం. ఆ చెప్పులాయన్ని రావద్దని చెప్పెయ్" అంది.

కూతురు తల్లిని గట్టిగా వాటేసుకుంది. భుజం నొప్పని ఆవిడ అరిచాక గానీ వదల్లేదు.

జరిగింది అందరికీ అర్థం కావడానికి కాసేపు పట్టింది. "నేను కళ్ళారా చూశాను, కర్ర ఎత్తాడు" అని పిన్నిగారు ఇంకా గొణుగుతూనే ఉంది. వంకలాయన నుదుటిమీద ఐసు మూట పెట్టుకుని, ఒంటిచేత్తో సమీక్ష ముగించాడు. లోపాలు పన్నెండు రాశాడు. మణికట్టుకు కట్టుకునే తాడు ఇవ్వకపోవడం పదమూడోది. ఆ కింద, ఈ ఆట కూర్చున్నవాళ్ళను లేపుతుందనీ, అందుకోసం మిగతావన్నీ క్షమించవచ్చనీ రాసి పంపాడు. "ఒంట్లో బాగానే ఉందా సార్?" అని ఎడిటరు జవాబిచ్చాడు.

కానిస్టేబులు స్టేషనుకి ఫోన్ కలిపాడు. అల్లుడు అత్తగారిని కొడుతున్నాడన్న ఫిర్యాదు నిజమేనా అని అటునుంచి గట్టిగా అడగడం అందరికీ వినిపించింది. ఆయన అత్తగారి వైపు ఒకసారి, అల్లుడి నుదుటిమీద లేచిన బొప్పి వైపు ఒకసారి చూశాడు.

"నిజమే సార్. కాకపోతే దెబ్బ తిన్నది అల్లుడు."