కామినిది ప్రతిపక్షం

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చే ముందు ఏడాది, క్యూర్‌పైప్ కాలేజీలో నా చరిత్ర తరగతి పిల్లలకు వాదన నేర్పేవాణ్ణి. దేశానికి స్వాతంత్ర్యం కావాలా వద్దా అని బయట పెద్దలు అరుచుకుంటుంటే, లోపల నా పిల్లలు మర్యాదగా పోట్లాడుకునేవాళ్లు. నేను పెట్టిన నియమం ఒక్కటే. అవతలివాడు చెప్పింది ముందు నువ్వు చెప్పాలి. అతను "అవును, నేనన్నది అదే" అన్నాకే నీ జవాబు.

ఈ నియమాన్ని ఇంటికి తెచ్చుకోవడమే నేను చేసిన బుద్ధితక్కువ పని.

మా ఊరు మాంటాన్ బ్లాంష్. కాలేజీకి రోజూ రెండు బస్సులు మారాలి. కాలేజీ వెనకే ఒక ఇల్లు అద్దెకు ఉందనీ, సోమవారం ఏ సంగతీ చెప్పమనీ తోటి మాస్టారు జీన్ అన్నాడు. అప్పటినుంచీ మెలకువగానే కలలు కంటున్నాను. క్యూర్‌పైప్ పొగమంచులో తేలే ఇల్లు, కిటికీ పక్కన కుర్చీ, చేతిలో పుస్తకం. కలలో నా భార్య కామిని కూడా ఉంది. టీ తెచ్చేది ఆవిడే.

అసలు కామిని మాత్రం ఊరు వదలనంది. మామూలు పోట్లాటలో నేను గెలిచిన దాఖలా లేదు. అందుకని పద్ధతి ప్రకారం గెలుద్దామనుకున్నాను.

ఆదివారం పొద్దున పక్కింటి నరసయ్య మామను అధ్యక్షుడిగా కూర్చోబెట్టాను. ఆయన మా ఊరి భజన గురువు. ఆయన పాడిన పాదాన్ని ప్రతి శనివారం పొల్లు పోకుండా అందుకునేది కామినే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

పది నిమిషాలు దంచేశాను.

"నేను చెప్పనా?" అంది కామిని. "బస్సుల్లో మీ నడుం పోతోంది. ఇల్లు చేరేసరికి పుస్తకం పట్టే ఓపిక ఉండటం లేదు. పైకి అనలేదు గానీ, ముసలితనం వచ్చేస్తోందని భయం. అంతేనా?"

నేను చెప్పినదానికంటే బాగుంది. కళ్లు చెమర్చాయి. అవునన్నాను.

ఇక ఆవిడ వంతు. ఆవిడ మాట్లాడుతుంటే పెరటి అవతల పూసిన చెరకు తెల్లగా ఊగుతోంది. ఆ తెలుపు మెల్లమెల్లగా క్యూర్‌పైప్ మంచయింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను.

"అలోర్, మరి, సీతారాం? ఆవిడన్నది ఇప్పుడు నువ్వు చెప్పు," అన్నాడు మామ.

"ఇక్కడ వంకాయలు బాగా కాస్తాయంది."

"వంకాయల ఊసే రాలేదయ్యా."

"మళ్లీ చెబుతాను," అంది కామిని, కోపం లేకుండా. కోపముంటే బాగుండేది.

రెండోసారీ సగంలోనే జారిపోయాను. మూడోసారి మామ నా మోకాలు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు విన్నాను.

"ఈ ఊళ్లో లేస్తే నన్ను పదిమంది పలకరిస్తారు. నా మాట వింటారు. అక్కడ నాకు మీరొక్కరే. మీరేమో ఇలా ఉంటారు."

"ఇక్కడ తన మాట వినేవాళ్లున్నారు. అక్కడ నేనొక్కణ్ణే," అన్నాను.

"పూర్తిగా," అన్నాడు మామ.

"నేనేమో... ఇలా ఉంటాను."

"అవును, నేనన్నది అదే," అంది కామిని.

ఇప్పుడు నా జవాబు. ఇద్దరూ ఎంతో మర్యాదగా ఎదురుచూశారు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"జీన్‌కి వద్దని చెబుతాలే. ఇందాక నేను వినకుండా పోయింది, అది చెప్పు."

కామిని కుర్చీ నా వైపు లాక్కుంది.

"ఇందాకటి నుంచేనా, పెళ్లయిన దగ్గర్నుంచా?"