మా టవరూ, ఛైర్మన్ గారి విగ్రహమూ

మా ఫోన్ కంపెనీ ఛైర్మన్ గారికి మా ఊరి నాలుగు రోడ్ల కూడలిలో నిలువెత్తు విగ్రహం పెట్టించాలని నేను ప్రతిపాదిస్తున్నాను. నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మా ఊళ్ళో ఉన్నది ఒకటే టవర్. అది ఆయన కంపెనీదే. ఆయన చలవ వల్ల నలభై ఒక్క రోజుల పాటు మా ఊళ్ళో ఒక్క ఫోనూ మోగలేదు! ఇంత ప్రశాంతత ఏ నాయకుడు ఇచ్చాడు చెప్పండి?

లోను కావాలా తల్లీ అని బ్యాంకు వాళ్ళు నన్ను బతిమాలడం మానేశారు. రోజుకి మూడుసార్లు ఫోన్ చేసి నా వంట గురించి వాకబు చేసే మా ఆడపడుచు గొంతు ఆగిపోయింది. నా బీపీ తగ్గింది. డాక్టరు నిజంగానే మాత్ర సగానికి తగ్గించాడు. ఈ కాలమ్ రాసిన కాగితాలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపేదాన్ని. "చివరి రెండు పేరాలు తీసేయండమ్మా" అనడానికి ఎడిటర్ గారికి దారే లేదు. సాహిత్యానికి ఇంతకన్నా మంచి రోజులు ఎప్పుడొస్తాయి?

ఐదోరోజు మా ఆయన ఫోన్లోంచి తలెత్తి హాలంతా కలయజూశారు.

"ఈ గోడకి రంగెప్పుడు మార్చావు?" అన్నారు.

మార్చి ఆరేళ్ళయింది. అయినా అడిగారు కదా, అదే పదివేలు అనుకున్నాను.

ఇదంతా ఎవరి పుణ్యం? ఛైర్మన్ గారిదే. గిట్టనివాళ్ళు ఆయనకి ఆశ ఎక్కువంటారు, చేతకానివాడంటారు. కంపెనీ నష్టాల్లో మునుగుతుంటే ఆయన జీతం రెట్టింపు చేసుకున్నాడని ఏడుస్తారు. కాస్త ఆలోచించండి. లాభాలొచ్చే కంపెనీని ఎవరైనా నడుపుతారు. మునిగిపోయేదాన్ని నడపడమే కష్టం. కష్టం పెరిగితే జీతం పెరగద్దూ? ఆ లెక్కన ఆయన కంపెనీని ఎంత ముంచితే అంత ఎక్కువ ఇవ్వాలి. ఆయన కూడా ఆ మాట మీదే నిలబడి పనిచేస్తున్నారు.

పొదుపు అంటే ఆయనకి ప్రాణం. టవర్లకి పోసే డీజిల్ దండగని తేల్చారు. ఆ సంగతి ప్రకటించడానికి సొంత విమానంలో ఊరూరా తిరిగారు. విడిభాగాలు కొనడం ఆపేశారు. ఆపేశామని చెప్పే కాగితం మాత్రం శుభలేఖంత దళసరిగా వచ్చింది, మీద ఆయన రంగుల ఫోటోతో.

సిగ్నల్ రావడం లేదని జనం గోల పెడితే ఆయన ఏం చేశారో తెలుసా? సిగ్నల్ పెంచడానికి ఖర్చవుతుంది. ఫోన్ తెర మీద గీతలు పెంచడానికి ఏమీ కాదు. అందుకని ఎక్కడున్నా, బావిలో దిగినా సరే, గీతలన్నీ నిండుగా కనిపించేలా ఏర్పాటు చేయించారు. ఆ ఏడాదే "అన్ని ఊళ్ళకీ నిండు సిగ్నల్" సాధించినందుకు ఆయనకి ఆయనే బహుమానం మంజూరు చేసుకున్నారు. ఇంకో విషయం. మా ఊరినుంచి ఫిర్యాదుల సంఖ్య సున్నా! ఫిర్యాదు ఫోన్లోనే చెయ్యాలి మరి.

ఇక మా తమ్ముడి సంగతికొస్తాను. అసలు విగ్రహం ఆలోచన అక్కడే పుట్టింది.

మా తమ్ముడు ఆ టవర్ మెకానిక్. పంతొమ్మిదేళ్ళుగా అదే టవర్ ఎక్కి దిగుతున్నాడు. ఊళ్ళో వాడి అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ "టవర్ బాబు" అంటారు. మా వీధిలోనే, మా పక్కవాటాలోనే ఉంటాడు. టవర్ మూగబోయిన రోజే ఎక్కి చూశాడు. పైన కేబుల్ దగ్గర బొటనవేలంత కనెక్టర్ పాడైంది. కొత్తది పంపమని హెడ్డాఫీసుకి ఉత్తరం రాశాడు. జవాబు ఇప్పటికీ రాలేదు. పాతదొకటి వాడి పనిసంచిలో ఉంది. నలభై నిమిషాల పని.

మర్నాడు పొద్దున్నే బిగించేద్దామని బయల్దేరబోతుంటే పక్క ఊరి స్టోర్‌కీపరు బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద గడ్డం అలాగే ఉంది.

"గడ్డం గీసుకుంటుంటే మెసేజ్ వచ్చింది బాబూ. 'ఈ క్షణం నుంచి మీ సేవలు చాలు' అని. రెండోవైపు గీసుకోబుద్ధి కాలేదు" అన్నాడు.

ఉద్యోగులు ఎక్కువయ్యారని ఛైర్మన్ గారికి కల వచ్చిందట. కాగితాలు దండగని అందరికీ ఫోన్లోనే పంపుతున్నారట. మెసేజ్ చేరిన నిమిషం నుంచి ఉద్యోగం పోయినట్టు లెక్క.

"నీకూ పంపారు. చేరలేదని తిరిగొస్తోందట. చేరేదాకా నువ్వు ఉద్యోగివే" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

మా తమ్ముడు పనిసంచి కింద పెట్టి గుమ్మంలో కూలబడ్డాడు.

అర్థమైందా అండీ ఛైర్మన్ గారి గొప్పతనం? టవర్ బాగుచేస్తే వాడి ఉద్యోగం పోతుంది. చెయ్యకపోతే ఉంటుంది. పని చెయ్యనంత కాలం పనిలో ఉంచే కంపెనీ లోకంలో ఇంకెక్కడైనా ఉందా? ఫోన్ ఆపేసుకోవచ్చు కదా అంటారా? డ్యూటీ ఫోన్ ఆపడం నేరం, అందుకు వేరే రూలుంది.

మా కుటుంబం వెంటనే రంగంలోకి దిగింది. వాడు టవర్ ఎక్కేటప్పుడు నడుముకి కట్టుకునే బెల్టు తెచ్చి నా మంచం కింద ట్రంకుపెట్టెలో దాచాను. మా మరదలు వాడి బూట్లు దాచింది. ఇద్దరు పిల్లల చదువు, అద్దె, అన్నీ ఆ జీతం మీదే. బెల్టు లేకుండా ఎక్కకూడదని కంపెనీ రూలు కనుక వాడూ ఎదురు చెప్పలేదు. కానీ వాడికి ఊరుకోవడం చేతకాదు. పెరట్లో నిలబడి టవర్ వంక చూసేవాడు. రోజూ చూసేవాడు. మా మేనకోడలు సైకిల్‌కున్న బోల్టులన్నీ ఊడదీసి మళ్ళీ బిగించాడు. మా ఫ్యాను బిగించాడు. ఆఖరికి తలుపు గడియ కూడా బిగించాడు, ఆ తర్వాత రెండ్రోజులు అది తెరుచుకోలేదు.

నలభై రెండోరోజు పొద్దున్న ఎదురింటి టైలరమ్మ వచ్చింది. నెలలు నిండిన కూతురు వేరే ఊళ్ళో ఉంది. కాలు విరిగి కట్టుతో ఉన్న మొగుణ్ణి వదిలి ఈవిడ వెళ్ళే దారి లేదు. అందుకే రోజూ మా డాబా ఎక్కి, ఫోను చేత్తో పైకెత్తి కాసేపు నిలబడి దిగిపోయేది. గీతలు నిండుగా ఉండేవి. ఫోను పలికేది కాదు.

ఆ రోజు దిగుతూ మా తమ్ముణ్ణి చూసి ఆగింది.

"నువ్వు బెంగపెట్టుకోకు బాబూ. నీ చేతుల్లో ఉంటే ఇన్నాళ్ళు ఊరుకునేవాడివా" అంది.

వాడు ఆవిడ గేటు దాటేదాకా చూశాడు. తర్వాత నా గదిలోకొచ్చాడు.

"అక్కా, బెల్టు ఇవ్వు."

"ఒరేయ్, పిల్లలున్నారు రా."

"ఆవిడకీ ఉంది కదే పిల్ల."

నేను చాలా గట్టిదాన్నని పాఠకులకి తెలుసు. ఎంతమంది మీద రాశాను! ఆ రోజు మాత్రం పెట్టె తాళం తీసి బెల్టు వాడి చేతికిచ్చాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. మా మరదలు గుమ్మంలో నిలబడి అంతా వింది. బూట్లు తెచ్చి వాడి ముందు పెట్టింది.

నలభై నిమిషాలన్నాడా, ముప్ఫై ఐదుకే అయింది. వీధి వీధంతా ఒక్కసారి మోగింది. టైలరమ్మకి మనవరాలు పుట్టి నాలుగు రోజులైందట! కత్తెర చేత్తో పట్టుకునే రోడ్డు మీదకొచ్చి అందరికీ చెప్పింది. మా ఆయన మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయారు. మా ఆడపడుచు నలభై ఒక్క రోజుల వంటలూ వరసగా అడిగింది.

మా తమ్ముడి ఫోను కూడా మోగింది. అప్పటికి వాడింకా టవర్ పైనే ఉన్నాడు.

"ప్రియమైన కుటుంబ సభ్యుడా" అని మొదలైందట. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగం అక్కడే, ఆ ఎత్తులోనే, నడుముకి బెల్టుతో ఉండగానే పోయింది. ఎక్కేటప్పుడు మెకానిక్. దిగేటప్పుడు, కింద బోర్డు మీద రాసి ఉన్నట్టు, అనుమతి లేకుండా టవర్ ఎక్కిన బయటి వ్యక్తి. దిగుతుంటే ఇంకో మెసేజ్ వచ్చింది. తొలగింపు ఎలా జరిగిందో, ఐదు స్టార్లకి ఎన్నిస్తారో చెప్పమని.

నేను ఊరుకుంటానా? కంపెనీకి ఫోన్ చేశాను. మనిషి దొరకలేదు, మిషన్ దొరికింది. అరగంట పాట విని, నా కడుపుమంటంతా దానికి చెప్పుకున్నాను. సిగ్గులేదా అని కూడా అడిగాను. అది చాలా మర్యాదగా విని, "మీ ఫిర్యాదు నమోదైంది. మీ ఊరి మెకానిక్‌కి పంపించాం. ఆయన త్వరలోనే మీ సమస్య పరిష్కరిస్తారు" అంది.

పక్కవాటాలో మా తమ్ముడి ఫోను టింగుమంది.

కాసేపటికి వాడొచ్చాడు, ఫోను చూసుకుంటూ.

"అక్కా, ఇదే వీధినుంచి ఎవరో ఫిర్యాదు పెట్టారే. ఏమైందో పాపం, ఒకసారి ఎక్కి చూసొస్తాను."

అందుకే పాఠకులారా, విగ్రహం మాటకి నేను కట్టుబడే ఉన్నాను. ఒక్క చిన్న సవరణ. కూడలిలో వద్దు, ట్రాఫిక్‌కి అడ్డం. టవర్ పైన పెడదాం. విగ్రహం చెయ్యడానికి ఆలస్యమైతే ఛైర్మన్ గారినే ఎక్కించి కూర్చోబెడదాం. అక్కడ సిగ్నల్ చాలా బాగుంటుంది, దించండి మహాప్రభో అని ఎవరికైనా ఫోన్ చేసుకోవచ్చు. ఆ ఫిర్యాదు కూడా మా తమ్ముడికే వస్తుంది.

వాడు వెంటనే బయల్దేరతాడు, వాడి బుద్ధి నాకు తెలుసు. కానీ ఈసారి పెట్టెకి రెండు తాళాలు వేశాను. బెల్టు ఇవ్వను.