కవచ రాక్షసబల్లికి లోకల్ హోదా

"కవచమున్న ఈ రాక్షసబల్లి మన నియోజకవర్గంలోనే పుట్టింది, మన నియోజకవర్గంలోనే కన్నుమూసింది. చచ్చేదాకా పార్టీ మారలే!" అని మూడు పార్టీలు చూసిన ఎమ్మెల్యే మట్టయ్యగారు ఎల్బీనగర్ సభలో గద్గద స్వరంతో ప్రకటించారు. డ్రైనేజీ తవ్వకంలో బయటపడిన బొడిపెల ముద్ద ఒకటి వేదికపై పట్టుశాలువా కప్పుకొని కూర్చుంది.

దాన్ని పరీక్షించే భాగ్యం తన్మయికి దక్కింది. ఆమె భూగర్భశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్. పుట్టింది దిల్‌సుఖ్‌నగర్‌లో, పూర్వీకులది భీమవరం. కొలువు పర్మనెంట్ కావాలంటే లోకల్ సర్టిఫికెట్ రావాలి. సర్టిఫికెట్ రావాలంటే మట్టయ్యగారి నోట ఒక మాట రావాలి.

ఆమె ముద్దను తడిమి, గొంతు తగ్గించి చెప్పింది.

"సార్, ఇది కాంక్రీటండీ."

"మన కాంట్రాక్టర్లు పోసింది గింత గట్టిగ ఉంటదా బిడ్డా? జర సోచాయించి చెప్పు," అన్నారు మట్టయ్యగారు.

వాదన తిరుగులేనిది. అయినా తన్మయి మరొక ప్రయత్నం చేసింది.

"మన ఉపఖండం మొత్తం మీద ఈ జాతివని చెబుతున్నవి కొన్ని విడి కవచపు పెంకులేనండీ. వాటి మీదా తగాదాలున్నాయి. ఇక్కడేమో అంతా గ్రానైటు. అందులో ఎముకలుండవు."

"ఉండనిది దొరికింది గాబట్టే గింత పబ్లిక్ ఒచ్చింది మేడం," అన్నాడు అనుచరుడు శ్రీనివాస్. "గవన్నీ ఎందుకు? గీ బల్లి లోకలా, ఆంధ్రాదా? గది రాసియ్యుండ్రి. శిలాఫలకం మీద చెక్కాలె."

తన్మయి రాసిచ్చింది. కాంక్రీటు ఊసెత్తలేదు. బల్లి లోకలేనని ఒప్పుకుంది. కానీ మనస్సాక్షి మరీ నొచ్చుకోకుండా, చివర ఒక్క నిజం చేర్చింది: ఆ యుగంలో ఈ నేల ఇక్కడ లేదు, ఆఫ్రికా సరసన ఉండి, తరువాత మెల్లగా ఇటు జరిగింది.

బల్లికి విగ్రహం లేచింది. గజమాల పడింది. లోకల్ సర్టిఫికెట్టును మట్టయ్యగారే స్వయంగా దాని మెడలో వేశారు.

తన్మయి దరఖాస్తు మాత్రం తిరిగొచ్చింది. ఆమె తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తింది.

"మీరు దిల్‌సుఖ్‌నగర్‌ల పుట్టిండ్రు మేడం, గది ఎవ్వరు కాదంటలేరు," అన్నాడు అధికారి, ఎంతో మర్యాదగా. "కానీ దిల్‌సుఖ్‌నగరే ఆఫ్రికా నుంచి ఒచ్చిందని మీరే సంతకం పెట్టిండ్రు. ఇగ మీరు లోకల్ ఎట్లయితరు?"

"మరి ఆ బల్లికెలా ఇచ్చారండీ? అదీ ఈ నేల మీదదే కదా!"

అధికారి ఆమె వంక జాలిగా చూశాడు.

"అది పోయిన ఎలక్షన్ల ఓటేసింది మేడం."