డొక్కు కారుకు సాక్షులు

స్టోర్‌కీపరుగారి కారుకి ఉన్నన్ని రోగాలు పెద్దాసుపత్రి అంతా తిరిగినా కనిపించవు. బ్రేకులు పట్టవు. ఇంజను పది అడుగులు వెయ్యగానే కాగిపోతుంది. రివర్సు గేరు పడదు, పడితే ఊడిరాదు. ఎడమవైపు తలుపు తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. ఇవేవీ మెకానిక్కు చెప్పినవి కావు. సాక్షాత్తూ స్టోర్‌కీపరుగారే గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ చెప్పినవి.

నిజానికి కారు నిక్షేపంలా ఉండేది. ఆ ఇంట్లో మోకాళ్ళ నొప్పులు లేనిది అదొక్కటే. మరి ఎందుకీ అపవాదులంటే, అరువు భయం. "మీ కారు ఒక్క పూట..." అని ఎవరైనా నోరు తెరిచేలోపే ఈయన జబ్బుల చిట్టా విప్పేవాడు. ఫ్యాక్టరీ స్టోర్లో కూర్చుని కూర్చుని ఉన్న సరుకుని లేదనడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. బోల్టు అడిగినా స్టాకు లేదు, చీపురు అడిగినా స్టాకు లేదు. అక్కడ అందరూ ఆయన్ని నోస్టాకు అనే పిలుస్తారు. ఎదురుగా కాదు లెండి.

కారు ఆయన పేరు మీదే ఉన్నా నడిపేది మాత్రం భార్య, సంగీతం టీచరమ్మ. ఆయన పక్కసీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాడు. సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగగానే కారులోకి తొంగిచూసి పెట్రోలు ముల్లు ఎక్కడుందో చూసుకునేవాడు. చిత్రంగా అది ఎప్పుడూ తను అనుకున్నదానికంటే పైనే ఉండేది.

"మన కారు పెట్రోలు తాగదే, వాసన చూసి వదిలేస్తుంది" అని మురిసిపోయేవాడు.

"అవునండీ, మంచి కారు" అని టీచరమ్మ తల వంచుకుని హార్మోనియం తుడుచుకునేది.

పెట్రోలు ముల్లు పక్కనే కిలోమీటర్ల అంకెలు కూడా ఉంటాయి. వాటి వంక ఆయన ఏనాడూ చూడలేదు. స్టోర్లో ఎంతుందన్నదే ఆయన లెక్క, ఎంత తిరిగిందన్నది వేరే డిపార్టుమెంటు.

అలాంటి కారుని ఒక మధ్యాహ్నం నీళ్ళ ట్యాంకరు నొక్కేసింది. ఆ వీధి కాస్త ఏటవాలుగా ఉంటుంది. ట్యాంకరు డ్రైవరు హ్యాండ్‌బ్రేకు వేశాననుకుని దిగాడు. ట్యాంకరు తాపీగా వెనక్కి జారి, ఇంటిముందున్న కారుని ప్రహరీగోడకి అదిమిపెట్టింది. మనుషులకేం కాలేదు గాని, కారు మాత్రం నలిగిన రేకు డబ్బాలా అయిపోయింది. బాగుచేయించే ఖర్చు కారు ధరనే మించిపోతుందని మెకానిక్కు చేతులెత్తేశాడు.

"పోనీ, ఇన్సూరెన్సు ఉందిగా" అంది టీచరమ్మ. అలా అన్నదేగాని ఆవిడ కళ్ళు చెమర్చాయి. లోపల గదిలో వాళ్ళమ్మ ఉంది. తుంటి ఆపరేషనయ్యాక ఆవిడని వారం వారం వ్యాయామం చేయించే క్లినిక్కుకి తీసుకెళ్ళాలి. బస్సు మెట్టు ఎక్కలేదు. సరైన డబ్బు చేతికొస్తేనే ఇంకో పాత కారైనా కొనగలరు. రాకపోతే ఆ ముసలావిడ నడక అక్కడితో ఆగిపోయినట్టే.

సర్వేయరు వచ్చాడు. నవ్వాలంటే పైఆఫీసు అనుమతి కావాలన్నట్టుండే మనిషి. ప్రమాదానికి ముందు కారు ఎలాంటి స్థితిలో ఉండేదో, దానికి బజారులో ఎంత పలికేదో తేల్చి అంత రాయడం ఆయన పని. కారు చూశాడు, అటూ ఇటూ విచారించాడు, ఒక అంకె చెప్పాడు. ఆ అంకెకి మంచి సైకిలు రావచ్చు, గంట విడిగా కొనుక్కోవాలి.

"ఇదేమిటండీ! మా కారు బంగారం!" అన్నాడు స్టోర్‌కీపరు.

"బ్రేకులు పట్టవటగా? ఇంజను కాగిపోతుందటగా?"

"ఎవడండీ ఆ కూతలు కూసింది?"

"మీరే. ఎదురింట్లో కొత్తగా దిగిన పళ్ళ డాక్టరుగారు ఒకసారి కారు అడిగితే ఈ మాటలన్నీ మీరే చెప్పారట. పాపం ఆయన మీ మీద జాలితో చెప్పాడు, కోపంతో కాదు."

స్టోర్‌కీపరు ఎదురింటి వంక గుర్రుగా చూశాడు.

సర్వేయరు అటు వెళ్ళగానే ఇంట్లో మొదలైంది.

"మీ నోరే మన కొంప ముంచిందండీ!"

"నా నోరు కాదే, ఆ పళ్ళ డాక్టరు నోరు. ఇంకోళ్ళ నోట్లో వేలు పెట్టడమే వాడికి అలవాటు!"

"సర్లెండి. సర్వీసు చేయించిన రసీదులన్నీ దాచాను. ఇదే వయసున్న కార్లు ఎంతకి అమ్ముతున్నారో పేపర్లో చూసి రాసిపెడదాం. ఆ అంకెకి ఒప్పుకోవడం లేదని మర్యాదగా రాసిద్దాం. అంతే. ఉన్నదున్నట్టు చెబితే చాలు."

"ఉన్నదున్నట్టు చెబితే ఎవరిస్తారే? నువ్వు పాటలు చెప్పుకో. వ్యవహారం నాకొదిలెయ్."

ఆ వ్యవహారం ఏమిటంటే, రెండోసారి సర్వేయరు రాగానే ఆయన స్వరం మార్చేశాడు. "అసలీ కారు గడప దాటితే కదండీ పాడవడానికి! మా అత్తగారిని క్లినిక్కుకి తీసుకెళ్ళడం, తీసుకురావడం. అంతే. మిగతా రోజులన్నీ ముసుగేసుకుని పడుకునేది. కొత్త పెళ్ళికూతురండీ!"

సర్వేయరు కారు దగ్గరికి వెళ్ళి, వంకర తిరిగిన కిటికీలోంచి తల దూర్చి, చాలాసేపటికి బయటికి తీశాడు.

"మీ పెళ్ళికూతురు ఊళ్ళో టాక్సీలకంటే ఎక్కువ తిరిగిందండీ."

స్టోర్‌కీపరు వెళ్ళి తనూ తొంగిచూశాడు. కిలోమీటర్ల అంకెలు కళ్ళు తిరిగేలా ఉన్నాయి. అప్పుడైనా ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "మీటరు పాడైందండీ! కారు కదలకపోయినా అది పరిగెడుతుంది!" అనేశాడు.

"మీటరు పాడైతే ఎవరో దాన్ని కెలికినట్టు. పాడవకపోతే మీరు కారుని దొంగచాటుగా కిరాయికి తిప్పుతున్నట్టు. సొంత వాడకానికని తీసుకున్న పాలసీ అది. రెండిట్లో ఏదైనా మీకు పైసా రాదు. ఆదివారం వస్తాను, ఏదో ఒకటి రాతపూర్వకంగా ఇవ్వండి" అని సర్వేయరు వెళ్ళిపోయాడు. సైకిలు డబ్బులు కూడా గోవిందా.

ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా ఇల్లంతా తిరిగాడు. భార్యని నిలదీశాడు. "నిజం చెప్పు, కారు ఎక్కడెక్కడ తిప్పావు?"

"నేను తిప్పలేదు" అంది టీచరమ్మ. అది అబద్ధం కాదు.

"అత్తయ్యగారూ, మీకైనా తెలుసా?"

"తెలుసు" అంది ముసలావిడ మంచం మీంచి. "నన్నెవరూ అడగలేదుగా అల్లుడుగారూ, ఇన్నాళ్ళూ."

"ఇప్పుడడుగుతున్నాగా!"

"ఇప్పుడు అమ్మాయి చెప్పొద్దంది."

ఆదివారం సర్వేయరు ముందుగదిలో కూర్చోగానే, టీచరమ్మ తలుపు తెరిచి "రండి" అంది. టైలరు వచ్చాడు. రిటైరయిన హెడ్‌మాస్టరు వచ్చాడు. బేకరీ ఆవిడ వచ్చింది. వాళ్ళ వెనక ఇంకా ఎవరెవరో వచ్చారు. కుర్చీలు చాలక కొందరు హార్మోనియం పెట్టె మీద కూర్చుంటే, అది పాపం కుయ్యోమంది.

"ఈ కారు కిలోమీటర్లన్నీ వీళ్ళవేనండీ" అంది టీచరమ్మ. "అవసరానికి ఇచ్చాం. పైసా తీసుకోలేదు. ఎవరు వాడుకుంటే వాళ్ళే పెట్రోలు పోయించి తెచ్చి పెట్టేవాళ్ళు."

స్టోర్‌కీపరుకి వాసన చూసి వదిలేసిన పెట్రోలు ఎవరిదో ఇప్పుడర్థమైంది.

హెడ్‌మాస్టరు లేచి గొంతు సవరించుకున్నాడు. "నా కంటి ఆపరేషనుకి ఈ కారులోనే వెళ్ళొచ్చాను. బ్రేకులా? దివ్యంగా పడతాయి. ఈ మహానుభావుడు చేసిన సాయం నలుగురికీ తెలియకూడదని తన కారుని తనే తిట్టుకుంటాడండీ. ఇలాంటి గుప్తదాత మా వీధిలో ఉండటం మా అదృష్టం."

స్టోర్‌కీపరు వెనక్కి తిరిగి చూశాడు, ఆ మహానుభావుడు ఎవరా అని. వెనక గోడే ఉంది.

"మా చెల్లెలి పెళ్ళికి కేకులన్నీ ఇందులోనే తీసుకెళ్ళాను" అంది బేకరీ ఆవిడ. "'ఆయనే ఇమ్మన్నారు, కాని ఎదురుగా పొగిడితే సిగ్గుపడిపోతారు, ఆ మాట ఎత్తొద్దు' అని టీచరమ్మ చెప్పారు. అందుకే ఇన్నాళ్ళూ నోరు కట్టేసుకున్నాం."

సర్వేయరు రాసుకుంటూ పోతున్నాడు. పళ్ళ డాక్టరు గుమ్మం దగ్గర నిలబడి లెంపలు వేసుకోవడమొక్కటే తక్కువ. "నాకు కొత్త కదండీ, మీ పద్ధతి తెలియలేదు. క్షమించాలి" అన్నాడు.

చివర టైలరు లేచాడు. "బాబుగారూ, మా నాన్నకి గుండెనొప్పి వచ్చిన సాయంత్రం మీ గేటు దగ్గరికొచ్చాను. రివర్సు పడదయ్యా అన్నారు మీరు. నేను నాలుగడుగులు వేశానో లేదో, అమ్మగారు పెరటి గుమ్మంలోంచి వచ్చి తాళం నా చేతిలో పెట్టారు. ఆయనే పంపారు అన్నారు. చప్పుడైతే మీకు ఇబ్బందని మలుపుదాకా తోసుకెళ్ళి స్టార్టు చేశాం. మిమ్మల్ని ఎంత తిట్టుకున్నానో ఆ నాలుగడుగుల్లో! ఆ పాపం ఇన్నాళ్ళూ నన్ను కోస్తోంది బాబూ" అంటూ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

స్టోర్‌కీపరుకి ఆ సాయంత్రం బాగా గుర్తుంది. కారు దక్కిందని ఆ రోజు ఒక ముద్ద ఎక్కువే తిన్నాడు. మర్నాడు టైలరు షాపు ముందునుంచే బస్సెక్కి వెళ్ళాడు. మీ నాన్నకెలా ఉందయ్యా అని ఒక్క మాట అడగలేదు. అడిగితే మళ్ళీ కారు అడుగుతాడేమోనని.

"మీ నాన్న..." అన్నాడు.

"దక్కారు బాబూ. టైముకి తీసుకొచ్చారన్నారు డాక్టరు. ఆ తరవాత మనవణ్ణి కూడా ఎత్తుకున్నాకే పోయారు. అంతా మీ చలవే."

నిజం చెప్పేద్దామని స్టోర్‌కీపరు నోరు తెరిచాడు. టైలరు తన చేతులు ఇంకా వదలకపోవడం చూసి మళ్ళీ మూసేసి తల దించుకున్నాడు. గదిలో ఉన్నవాళ్ళంతా "అదిగో, మళ్ళీ సిగ్గుపడుతున్నారు" అని నవ్వారు.

సర్వేయరు కాయితాలు సర్దుకున్నాడు. "ఊరికే ఇచ్చుకుంటే తప్పేం లేదు. ఎక్కువ తిరిగినందుకు కొంత తగ్గుతుంది, అది న్యాయం. రసీదులు చూస్తే కారు బాగుండేదని తెలుస్తోంది, దానికి పెరుగుతుంది. ఇదే మాట మొదట్లోనే చెప్పి ఉంటే నాకిన్ని తిరుగుళ్ళు తప్పేవి" అన్నాడు. ఆ మాట అంటూ ఆయన టీచరమ్మ వైపే చూశాడు. చెప్పిన అంకె న్యాయంగానే ఉంది. ఇంకో పాత కారు కొనుక్కోవచ్చు. లోపలి గదిలోంచి "అమ్మయ్య" అని వినిపించింది.

అందరూ వెళ్ళిపోయారు. కుర్చీలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. స్టోర్‌కీపరు వాటి మధ్య ఒక్కడే కూర్చున్నాడు.

"అందరికీ నా పేరెందుకు చెప్పావే? నువ్వే ఇచ్చావని చెబితే ఆ దణ్ణాలేవో నీకే పెట్టేవాళ్ళుగా."

"పెట్టేవాళ్ళే" అంది టీచరమ్మ, కుర్చీలు సర్దుతూ. "మిమ్మల్ని చూసి మాత్రం మొహం తిప్పుకునేవాళ్ళు. రోజూ సాయంత్రం బస్సు దిగి మీరు ఆ వీధిలోంచే నడిచి రావాలి కదండీ. నలుగురూ నవ్వుతూ పలకరిస్తుంటే నాకు బాగుండేది."

ఇన్నాళ్ళూ ఆయన ఆ పలకరింపులన్నీ తన పెద్దరికానికే అనుకున్నాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ తాళం తన చేత్తో టైలరుకి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది. ఇప్పుడు ఇద్దామన్నా ఆ కారూ లేదు, ఆ పెద్దాయనా లేడు. ఆయనకి ఏడుపొచ్చినంత పనయింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు" అన్నాడు. "ఇన్నేళ్ళలో నేను నిజంగా, నా అంతట నేను, ఎవరికైనా ఏదైనా ఇచ్చానా? కారే అక్కర్లేదు. ఏదైనా."

ఎప్పటిలా ఏదో ఒక మంచిపని తనకి అంటించేస్తుందనుకున్నాడు. ఆవిడ అనలేదు. చేతిలో కుర్చీ కింద పెట్టి దాని మీదే కూర్చుంది.

"ఉండండి, ఆలోచించనివ్వండి" అంది.

"నేనూ ఆలోచిస్తున్నాను అల్లుడుగారూ" అంది అత్తగారు లోపల్నించి.

లెక్కపెట్టుకుందామని స్టోర్‌కీపరు బొటనవేలు చిటికెనవేలి మీద ఆనించి ఎదురుచూస్తూ కూర్చున్నాడు.