ప్రేమదాసు గిటారుకు జరిగిన పరిరక్షణ

నాదం జాతి సంపద. కనుక దానిని జాతి చేతికి అందకుండా కాపాడవలెను!

ఈ మహావాక్యం నాది కాదు. మొయినాబాద్ దాటిన తరువాత, పూలతోటలకూ ఫంక్షన్ హాళ్లకూ నడుమ ఉన్న ఒక ఫాంహౌస్ గోడకు ఇత్తడి పలకపై చెక్కి ఉన్నది. 'ప్రాచీన విద్యుత్ నాద పరిరక్షణ సమితి' వారి మొదటి సూత్రం అది. సూత్రాలు మొత్తం పదకొండు. వాటిలో తొమ్మిదింటిని నేను శ్రమపడి మరచిపోయాను. నాలుగవది మాత్రం ఈ కథకు అవసరం: 'నాదమును కన్నులు మూసుకొని వినవలెను.' సభ్యులు పదకొండుగురూ హైటెక్ సిటీలో పెద్ద ఉద్యోగులే. కళ్లు మూసుకోవడంలో వారికి కొత్తగా నేర్పవలసింది ఏమీ లేకపోయింది.

అది రెండువేల ఆరవ సంవత్సరం. ఆ ఏడు చేవెళ్ల రోడ్డు మీద ఎవరికి దారి ఇచ్చినా వైస్ ప్రెసిడెంటుకే ఇచ్చినట్లయ్యేది. సమితి వ్యవస్థాపకుడు ధనరాజ్ కూడా వైస్ ప్రెసిడెంటే. చేవెళ్ల ఉన్నత పాఠశాలలో నా విద్యార్థి. భౌతికశాస్త్రం అర్ధవార్షిక పరీక్షలో 'అయస్కాంతము ఎట్లు పనిచేయును?' అని నేను అడిగితే, 'బాగుగా పనిచేయును' అని వ్రాసినవాడు. అటువంటి సమాధానాలతో అతడు అంత ఎత్తుకు ఎదిగినందుకు నేను ఆశ్చర్యపోలేదు.

ఇక గిటారు సంగతి. దాని యజమాని ప్రేమదాసు మా ప్రయోగశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు అటెండరు. ప్రతి ఆదివారం తన ఊరి చర్చిలో గిటారు వాయిస్తాడు. సికింద్రాబాదులో ఒక హోటల్ బ్యాండు మూతపడిన రోజున, అందులో వాయించే పెద్దాయన ఆ గిటారును ప్రేమదాసు చేతిలో పెట్టి వెళ్లిపోయాడట. దానికి ఉన్నది ఒక్కటే పికప్. అంటే, తీగల కింద ఉండి వాటి కదలికను పట్టుకునే, రాగితీగ చుట్టిన అయస్కాంతం. రెండు నాబులు: ఒకటి ధ్వనిని పెంచి తగ్గించడానికి, ఇంకొకటి గొంతును పదును చేసి మెత్తబరచడానికి. అంతే. ఈ కాలపు పిల్లల గిటార్లకు మూడు పికప్‌లు, కాళ్ల దగ్గర పన్నెండు పెట్టెలు ఉంటాయి. అయినా అన్ని పాటలకూ ఒకే గొంతు వస్తుంది.

ప్రేమదాసు తీగను మెడ దగ్గర మీటితే గుండ్రని, నిదానమైన ధ్వని. పికప్ దగ్గరికి జరిగి మీటితే కోసినట్లుండే ధ్వని. ధ్వనిని సున్నాకు దించి, తీగ మీటి, ఆ తరువాత చిటికెన వేలితో నాబును మెల్లగా పైకి తిప్పితే, మీటిన దెబ్బ వినబడదు. ఏడుపును ఆపుకుంటున్న మనిషి నోరు తెరిచినట్లు స్వరం పైకి వస్తుంది. ఒకసారి నేను ఆ కిటుకు ఏమిటని అడిగాను.

"సగం పెట్టి గట్టిగ మీటితె కోపం, మేడం. నిండ పెట్టి మెల్లగ మీటితె బాధ," అన్నాడు. "మనిషి ఎప్పుడు నిండు గొంతుతోని మాట్లాడడు గద."

నా ముప్పై ఏళ్ల బోధనలో ఇంత స్పష్టమైన సమాధానం ఏ విద్యార్థీ వ్రాయలేదు.

ఒక సంవత్సరం ఆ పికప్ తీగ తెగిపోయింది. ప్రేమదాసు మా ప్రయోగశాలలోని పాత గాల్వనోమీటరు విప్పి, అందులోని రాగితీగను దానికి చుట్టుకున్నాడు. స్టాకు రిజిస్టరులో 'ఎలుకలు కొరికినవి' అని వ్రాసి సంతకం చేసినది నేనే. ధ్వని నాబు మీది మూత పోతే, దగ్గుమందు సీసా మూతను అతికించాడు. దానికి రిజిస్టరు అవసరం కాలేదు.

ఒకనాడు ధనరాజ్ కారు మా ఇంటి ముందు ఆగింది. అతడు నా కాళ్లకు నమస్కరించి, నన్ను సమితికి 'గౌరవ సాంకేతిక సలహాదారు'గా నియమించాడు. విజిటింగు కార్డులు ముందే అచ్చువేసి తెచ్చాడు. వాటి కాగితం మేలైనదని అంగీకరించక తప్పదు. అతడు కోరగా ఆ కాగితం మీదనే నేను ప్రేమదాసుకు జాబు వ్రాశాను: గిటారును నెల రోజులు పరిరక్షణకు ఇవ్వవలసిందిగా కోరుతున్నానని.

అతడు దానిని తువ్వాలలో చుట్టి తెచ్చాడు.

"మీరు చెప్పిన్రు గాబట్టి ఇస్తున్న మేడం. నెల దాటితె నా చెయ్యి మర్శిపోతది. చర్చిల కోత పండుగకు మాత్రం నాకు గిటార్ గావాలె."

"ఫికర్ చెయ్యకన్న," అన్నాడు ధనరాజ్. "పిల్లలెక్క చూస్కుంటం."

రసీదు మీద గడువు ఉన్నచోట 'పరిరక్షణ ముగియువరకు' అని ఉన్నది. నేను దానిని చదివాను. చదివి, వాక్యం నిర్దుష్టంగా ఉన్నదని తల ఊపాను. బదులుగా సమితి వారు ప్రేమదాసుకు 'తాత్కాలిక వినియోగార్థము' ఒక కొత్త గిటారు ఇచ్చారు. చౌకరకం, మిరపపండు రంగు. దానికీ ఒకటే పికప్, రెండే నాబులు.

పరిరక్షణ ప్రారంభమైంది! సభ్యులు నాబులను ఒక్కొక్క గీతకూ తిప్పుతూ నలభై పరీక్షలు జరిపి, కంప్యూటరులో పట్టికలు వేశారు. ధ్వని ఏడు దగ్గర, గొంతు నాలుగున్నర దగ్గర ఉన్నప్పుడు అత్యుత్తమ నాదం పుడుతున్నదని నిర్ధారించారు. అజ్ఞానుల వేళ్లు దానిని మళ్లీ చెడగొట్టకుండా, రెండు నాబులనూ జిగురు పోసి బిగించారు. సలహాదారుగా నేను అభ్యంతరం తెలిపాను. అది 'నమోదు చేయబడినది'.

రెండు నెలలు గడిచాక ప్రేమదాసునూ అతని భార్య బీరమ్మనూ వెంటబెట్టుకొని నేను ఫాంహౌసుకు వెళ్లాను. గిటారు అద్దాల పెట్టెలో నిలబడి ఉన్నది. నాలుగు దిక్కులా దీపాలు.

"పిల్లల్ని అద్దాల డబ్బల పెడతరా సారూ?" అని అడిగింది బీరమ్మ.

ధనరాజ్ అది విననట్లు, ధ్వని నాబును చూపించి, అది తొలినాటి అరుదైన నాబు అనీ, ప్రపంచంలో అటువంటివి మూడే ఉన్నాయనీ చెప్పాడు.

"తతిమ్మ రెండు మా ఇంట్లున్నయి," అన్నది బీరమ్మ. "ఈనకు దగ్గు ఎక్కువ."

ప్రేమదాసు మాత్రం అద్దం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఒక్కసారి నాబు తిప్పి చూస్తానన్నాడు.

"తిప్పరాదన్న. ఫ్రీజ్ చేసినం. బెస్ట్ టోన్ అది, ఇగ ఎవ్వరు చెడగొట్టలేరు."

"నేను ఒక్క పాటల్నే పదిసార్లు తిప్పుత సార్."

"అదే ప్రాబ్లం. కన్సిస్టెన్సీ లేదు."

ఆనాటి నుంచి నేను ఉత్తరాలు వ్రాయడం ప్రారంభించాను. మొదటి ఉత్తరానికి ఒక నంబరు వచ్చింది. రెండవ ఉత్తరానికి ఇంకొక నంబరు వచ్చింది. మూడవ ఉత్తరానికి, మొదటి రెండు నంబర్లూ సంతృప్తికరంగా పరిష్కరించబడినవనీ, తమ సేవకు ఐదుకు ఎన్ని మార్కులు వేస్తారో తెలుపవలెననీ జవాబు వచ్చింది. నేను సున్నా వేశాను. ధనరాజుకు నేను అంతకుముందెప్పుడూ అంత తక్కువ వేయలేదు.

నవంబరు వచ్చింది. కోత పండుగకు వారం ఉన్నదనగా సమితి ఒక తీర్మానం పంపింది. పండుగ ఆరాధనలో ప్రేమదాసు ఆ గిటారును సమితి సమక్షంలో ఒక్కసారి వాయించవచ్చు. అనంతరం దానిని శాశ్వతంగా సమితికి సమర్పిస్తున్నట్లు దానపత్రం మీద సంతకం చేయవలెను. ఆ నాదం అసలైనదేనని సభ్యులు, సాంకేతిక సలహాదారు అక్కడికక్కడే ధ్రువీకరించవలెను. సంతకం చేయకపోతే గిటారు అద్దాల పెట్టె దాటి రాదు.

"ఒక్కపారన్న వాయిస్త మేడం," అన్నాడు ప్రేమదాసు. నా మొహం చూడలేదు.

కోత పండుగ ఆచారం ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరాధనకు ముందు ఎవరి పంటలో తొలిభాగం వారు తెచ్చి బలిపీఠం మెట్టు మీద పెడతారు. మెట్టు మీద పెట్టినది దేవునిది. పెట్టినవారు సైతం దానిని మళ్లీ తాకరాదు. ఆరాధన ముగిసిన తరువాత అన్నింటినీ వేలం పాడతారు. చర్చి లోపల స్తంభస్తంభానికీ జొన్నదంట్లు, చెరకుగడలు నిలబెట్టి కడతారు. పాటలవాళ్లు వాటి వెనుక కూర్చుంటారు. వినబడతారు గాని కనబడరు.

మేము తొందరగానే చేరుకున్నాం. ధనరాజ్ ఫోటో బాగా రావాలని గిటారును బలిపీఠం ముందు, వెలుతురు ఉన్నచోట నిలబెట్టాడు. ఫోటో తీసుకున్నాడు. అంతలో అతనికి ఫోను వచ్చింది. కంపెనీ ఫోను, అది వస్తే దేవుడైనా ఆగవలసిందే. అతడు బయటికి వెళ్లాడు. నేను ధ్రువపత్రం ముసాయిదాలో ఒక విశేషణం దగ్గర ఆగి ఉండడం వల్ల తల ఎత్తలేదు. జనం వస్తూ ఉన్నారు. క్యారెట్లు, టమాటాలు, గుమ్మడికాయలు, బంతిపూలు, కాళ్లు కట్టిన ఒక కోడి: మెట్టు నిండిపోయింది. ధనరాజ్ తిరిగి వచ్చి ముందు వరుసలో కూర్చుని, నాలుగవ సూత్రం ప్రకారం కళ్లు మూసుకున్నాడు. మిగిలిన పదిమందీ మూసుకున్నారు. నేను కూడా మూసుకున్నాను.

దంట్ల వెనుక నుంచి గిటారు మొదలైంది.

మొదట ఎవరో ఇంట్లోనుంచి మెల్లగా పలకరించినట్లు వచ్చింది. రెండవ చరణంలో గొంతు ముదిరింది. చివరి చరణంలో ఆ ఏడుపు వచ్చింది: దెబ్బ లేదు, స్వరం మాత్రం చీకటిలోనుంచి లేచి, నిండి, ఆగి, మళ్లీ లోపలికి పోయింది. నా కళ్లద్దాలు తుడుచుకున్నాను. పక్కన ధనరాజ్ "వుడ్... అదంత పాత వుడ్," అని గొణుగుతున్నాడు. సమితి సభ్యులు పదకొండుగురూ పత్రం మీద సంతకాలు చేశారు. అందరికంటె ముందు నేను చేశాను: 'ఈ దినము ఈ ఆరాధనలో మేము వినిన గిటారు అసలైన ప్రాచీన నాదము కలది. ఇటువంటి ధ్వని నూతన వాద్యములకు అసాధ్యము.'

జిగురు పోసిన నాబుతో ఆ స్వరం ఎట్లా పైకి లేచిందని భౌతికశాస్త్రం బోధించిన మనిషికి ఒక్క సందేహమైనా కలగవలసింది. కలగలేదు. విశేషణం బాగా కుదిరింది.

వేలం మొదలైంది. సంఘ పెద్ద శాంతయ్య క్యారెట్లు పాడించాడు, కోడిని బీరమ్మకు పాడించాడు. గుమ్మడికాయలు తీసి, వాటి కింద ఉన్నదానిని పైకెత్తాడు. పాత గిటారు!

"ఎవలిదైతేంది, ఇగ దేవునిది. పాట వెట్టున్రి."

ధనరాజ్ లేచాడు. "పెద్దాయనా, అది ఫోటో కోసం పెట్టిన."

"మెట్టు మీద పెట్టినంక ఎందుకోసమని మేం అడగం సార్."

"మరి ఇందాక వాయించింది?"

జొన్నదంట్లు కదిలాయి. ప్రేమదాసు బయటికి వచ్చాడు. మెడలో మిరపపండు రంగు గిటారు వేలాడుతున్నది.

"మీరిచ్చిందే సార్. పాతది మెట్టెక్కె. దేవునిది నేనెట్ల దింపుత? ఉరికి పొయ్యి ఇంట్లకెళ్లి ఇది తెచ్చుకున్న."

కోడి అరిచింది. ధనరాజ్ మిగిలిన పదిమందినీ బయటికి రమ్మని సైగ చేశాడు.

సమితి బయట, చెప్పుల కుప్ప పక్కన అత్యవసర సమావేశం జరిపింది. చర్చ కేవలం నాలుగు నిమిషాలు. పత్రం మీద పన్నెండు సంతకాలు ఉన్నవి. పన్నెండు సంతకాలు గల పత్రం తప్పు కాజాలదు. కాబట్టి గిటారే మారవలెను. ఈ దినం వినబడిన మిరపపండు గిటారే అసలైన ప్రాచీన వాద్యమని, ఇంతకాలం పరిరక్షించినది పరీక్షలో తప్పినదని ఏకగ్రీవంగా తీర్మానించారు. సలహాదారు అభిప్రాయం అడిగారు. నేను పత్రాన్ని వెనక్కి తీసుకుని చింపి ఉండవచ్చు. గిటారు వైపు చూశాను, ప్రేమదాసు వైపు చూశాను, ఆ తీర్మానాన్ని బలపరిచాను.

"అన్న, ఆ ఎర్రది మా ప్రాపర్టీనే గద," అన్నాడు ధనరాజ్.

"తీస్కపొండ్రి సార్."

"నాబులు ఎక్కడున్నయో అక్కడనే ఉండాలె. జర ముట్టకు."

"ముట్ట సార్."

దానపత్రం పాత గిటారు పేర ఉన్నది కనుక ఆ కాగితాన్ని అక్కడే పారవేశారు. కొత్త గిటారును మాత్రం ఇద్దరు వైస్ ప్రెసిడెంట్లు నిండుకుండను మోసినట్లు మోసుకుంటూ కారులోకి చేర్చారు. లోపల పాత గిటారుకు పాట పెట్టినది ఒక్క బీరమ్మ. అప్పుడే పాడుకున్న కోడినే మళ్లీ పెట్టింది. పోటీ రాలేదు.

జిగురు వదలడానికి వారం పట్టింది. దగ్గుమందు మూత విరిగింది; ప్రపంచంలో మిగిలిన రెండింటిలో ఒకటి పెట్టారు.

మొన్న సమితి వార్షికోత్సవానికి నన్ను పిలిచారు. అద్దాల పెట్టెలో మిరపపండు గిటారు, నాబులకు జిగురు. ధనరాజ్ దానిని బయటికి తీసి మీటాడు. ఏమీ వినబడలేదు. పాట ముగియగానే ధ్వనిని సున్నాకు తిప్పి పెట్టడం ప్రేమదాసుకు మా ప్రయోగశాలలో అలవాటైన క్రమశిక్షణ. సమితి ఆ సున్నానే బిగించింది. సభ్యులు చాలాసేపు కళ్లు మూసుకుని విన్నారు. ఇంత సున్నితమైన నాదం మునుపెన్నడూ వినలేదని అన్నారు.

పెట్టె కింద, చట్రం కట్టించి, ధ్రువపత్రం వేలాడదీశారు. దగ్గరికి వెళ్లి మరొకసారి చదివాను. మొదటి సంతకం నాది. అక్షరదోషం ఒక్కటి కూడా లేదు.