గుమ్మికొండలో మైనస్ మూడు

బుధవారం ఉదయం పంచాయతీ కార్యదర్శి సర్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. వాతావరణ కేంద్రం నుంచి వచ్చిన చలి హెచ్చరికను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం, తరవాత సచివాలయం వెనక ఎండ తగిలే చోట కుర్చీ వేసుకుని పదింటిదాకా కదలకుండా కూర్చోవడం. ఆయనది పార్వతీపురం. గుమ్మికొండకి వచ్చి రెండేళ్లయినా, చలికాలంలో ఊరివాళ్లు ఆయన ముఖంలో చూసింది కళ్లూ ముక్కూ మాత్రమే. మిగతాదంతా మంకీ క్యాపు.

ఒడిశా వైపు నుంచి చలిగాలులు కోస్తాకి దిగుతున్నాయనీ, దారిలో ఉన్న కొండల మీద శుక్రవారం తెల్లవారేసరికి ఉష్ణోగ్రత మూడు డిగ్రీలకు పడిపోవచ్చనీ ఆ హెచ్చరిక. సర్వేశ్వరరావు శాలువాలోంచి ఒకే ఒక్క వేలు బయటికి తీసి టైపు చేశాడు: "శుక్రవారం ఉష్ణోగ్రత -3. ముసలివాళ్లు, పిల్లలు, మేకలు బయట తిరగరాదు." మూడు ముందున్న ఆ గీతకి అర్థమేమీ లేదు. ఏది రాసినా ముందొక గీత గీయడం ఆయనకి అలవాటు, అంతే.

కాసేపటికి అంగన్‌వాడీ టీచరు లూర్దమ్మ గ్రూపులో అడిగింది: "మంచు పడతాదా సార్?"

గుమ్మికొండలో మంచు పడని తెల్లవారుజాము ఏడాదిలో నాలుగు నెలలు ఉండదు. ఎదుటివాడి ముఖం కనపడదు. ఇదీ ఒక ప్రశ్నేనా అనుకుని, "తప్పకుండా పడుతుంది" అని పెట్టి, ఫోను జేబులో వేసుకుని ఎండలోకి నడిచాడు. కుర్చీలోనే కునుకు పట్టింది.

ఆ కునుకులో ఉండగానే పని జరిగిపోయింది. అరకుకి వచ్చిన టూరిస్టులని జీపులో తిప్పే ధనరాజు కూడా ఆ గ్రూపులోనే ఉన్నాడు. గీతని చూశాడు, మైనస్ అనుకున్నాడు. కింద మంచు గ్యారంటీ చూశాడు, సినిమాల్లో పడే మంచు అనుకున్నాడు. రెండూ కలిపి తనకి తెలిసిన గ్రూపులన్నిటికీ పంపేశాడు: "గుమ్మికొండలో శుక్రవారం మైనస్ మూడు. మంచు వాన. సెక్రటరీ గారి హామీ."

మధ్యాహ్నం ఆ వార్త విశాఖపట్నంలో ఉన్న బావమరిది భాస్కర్ దగ్గర్నుంచి తిరిగి సర్వేశ్వరరావు ఫోనుకే వచ్చింది. ఈసారి ఒక ఫోటో కూడా తగిలించుకుంది. తెల్లటి మంచు కొండ, కింద ఆపిల్ తోట. "బావా, మీ ఊరు ఇంత బాగుంటుందని ఎప్పుడూ చెప్పలేదేం? శుక్రవారం అందరం వస్తున్నాం."

సర్వేశ్వరరావుకి ఆ చలిలోనూ చెమట పట్టింది. సవరణ టైపు చెయ్యబోతుండగా మండలాధికారి ఫోను.

"ఏమయ్యా, మీ దగ్గర మైనస్ మూడట! చెప్పొద్దూ? రెండు వందల దుప్పట్లు మంజూరయ్యాయి. శుక్రవారం పొద్దున్నే నేనే తెస్తున్నాను, ఫోటోలకి అందరినీ నిలబెట్టు."

పక్కనే ఉన్న సర్పంచ్ సోంబరు అంతా విన్నాడు. దుప్పట్ల కోసం మూడు చలికాలాలుగా అర్జీలు పెట్టింది ఆయనే. ప్రతిసారీ వచ్చిన జవాబు ఒకటే: చలి తీవ్రత చాలదు.

"బాబూ, మళ్లీ ఫోన్లో ఏటి సేత్తన్నావు?"

"తప్పు దిద్దుతున్నానండీ. అది మైనస్ కాదు, ఒట్టి మూడు."

"ఒట్టి మూడుకి దుప్పట్లిత్తారేటి?"

"ఇవ్వరు."

"అయితే బేగి ఫోను లోపలెట్టు."

"నా ఉద్యోగం పోతుంది సోంబరు గారూ!"

"మాయమ్మ కిందటేడంతా గోనెసంచిలో కాళ్లెట్టుకుని పడుకుంది. నీ ఉజ్జోగం పోతే ఆ సంచి నీకిచ్చెత్తాను."

సర్వేశ్వరరావు టైపు చేసిన సవరణ చెరిపేశాడు. ఫోను జేబులో పెట్టేశాడు.

శుక్రవారం పొద్దున ఆరయ్యేసరికి ఘాట్ రోడ్డు మీద నలభై కార్లు బారులు తీరాయి. సముద్రపు గాలికి అలవాటుపడ్డ జనం పల్చటి చొక్కాలతో, నల్ల కళ్లద్దాలతో దిగి, దిగిన చోటే కొయ్యబారిపోయారు. మంచు బొమ్మకి ముక్కు పెట్టడానికని భాస్కర్ ఒక క్యారెట్ కూడా తెచ్చాడు. పొగమంచులో ఆ క్యారెట్ ఎవరి చేతిలో ఉందో ఆయనకే కనిపించడం లేదు.

"మంచెక్కడండీ?" అని ఒకాయన రోడ్డు పక్కన కాఫీ కాసి అమ్ముతున్న నూకరత్నాన్ని అడిగాడు.

"నీ ముక్కు ముందరున్నది ఏటి బాబూ, మరి?"

"ఇది పొగమంచు! మాకు అసలు మంచు కావాలి!"

"మాకాడ మంచంటే ఇదే బాబూ. రోజూ పడతాది."

అప్పుడే మండలాధికారి దుప్పట్ల వ్యానుతో వచ్చాడు. ఫోటోల్లో బాగుంటుందని పొట్టి చేతుల తెల్లచొక్కా వేసుకున్నాడు. జనం ఆయన్ని చుట్టుముట్టి, "ఈ సెక్రటరీయే హామీ ఇచ్చాడు! మోసం!" అని అరిచారు.

"మైనస్ మూడని కొలిచావా?" అన్నాడు అధికారి. ఆయన పళ్లు టకటకమంటున్నాయి.

సర్వేశ్వరరావు నోరు తెరిచేలోగా లూర్దమ్మ కరోనా కాలంలో నుదుటికి గురిపెట్టి చూసిన జ్వరం మిషను పట్టుకొచ్చింది. దాన్ని జెండా స్తంభానికి గురిపెట్టి మీట నొక్కింది. అంకెలు రాలేదు. ఎల్, ఓ అని రెండక్షరాలు వచ్చాయి.

"లో అంటే?"

"కిందనండి. ఇది లెక్కెట్టలేనంత కింద."

"సార్, నిజం చెప్పాలంటే..." అని సర్వేశ్వరరావు మొదలుపెట్టాడు. "అది మూడే..."

"ఎంతో నా ఒంటికి తెలుస్తోందయ్యా! ముందొక దుప్పటి ఇటియ్యి!"

మొదటి దుప్పటి అధికారికే పోయింది. మిగతా నూట తొంభై తొమ్మిదీ సోంబరు దగ్గరుండి పంచాడు. ముందు ముసలివాళ్లకి, ఆ తరవాత చంటిపిల్లల తల్లులకి. టూరిస్టులు చెయ్యి చాస్తే మాత్రం, "మీకు కార్లున్నాయి కదా, తలుపేసుకోండి" అన్నాడు.

ఎనిమిదింటికి పొగమంచు విడిపోయింది. గడ్డి మీదా, కార్ల కప్పుల మీదా రాత్రి మంచు గడ్డకట్టి పేరుకున్న తెల్లటి పొర తళతళలాడింది. అది చూడగానే నలభై కార్ల జనమూ చెంచాలతో, ఏటీఎం కార్డులతో కార్ల కప్పులు గీకడం మొదలుపెట్టారు. భాస్కర్ కుటుంబమంతా కలిసి గీకితే నిమ్మకాయంత బొమ్మ తయారైంది. క్యారెట్ గుచ్చితే బొమ్మ ఎటు పోయిందో తెలియలేదు. అయినా ఫోటో తీసుకున్నారు. దగ్గర్నుంచి తీస్తే ఏదైనా హిమాలయంలాగే ఉంటుంది. ఆ సాయంత్రానికి కోస్తా అంతా గుమ్మికొండ మంచు ఫోటోలే.

సోమవారం మండలాఫీసు నుంచి సర్వేశ్వరరావు పేర కవరు వచ్చింది. సస్పెన్షనే అనుకుంటూ విప్పాడు.

"ఏటంటన్నారు బాబూ?" అన్నాడు సోంబరు.

సర్వేశ్వరరావు నీరసంగా చదివాడు. ప్రజాదరణ దృష్ట్యా ఇకపై ఏటా గుమ్మికొండలో మంచు పండగ జరుగుతుంది. భోజనాల బాధ్యత మహిళా సంఘాలది. కార్ల నిలుపుదల పోలీసులది. మంచు ఏర్పాటు పంచాయతీ కార్యదర్శిది.

కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది: మంచు మోకాలి లోతుకు తగ్గరాదు.